అమావాస్య నాటి పడుగు

పెళ్లయి ఇంకా నాలుగు నెలలు నిండలేదు. అనసూర్యకు ఆ ఇంట్లో అన్నీ ముచ్చటగానే ఉండేవి. పొద్దున్నే ఇంటి వెనక రేకుల షెడ్డులో సాంచాలు, అంటే కరెంటుతో నడిచే మగ్గాలు, ఒకదాని తర్వాత ఒకటి మొదలయ్యేవి. ఆ అదురుకు వంటింటి అర మీద ఇత్తడి గ్లాసులు ఒకదాన్నొకటి తాకి గలగలమనేవి. ఆమె చేతిలో పని ఆపి మరీ వినేది. చాయ్‌లో దంచి వేసిన అల్లం వాసన, పెంకుల చివర ఆగి ఆగి రాలే వాన చుక్కలు, అద్దం ముందు తీసిన పాపిడే మళ్లీ తీసుకునే మొగుడు, ఇవన్నీ ఎవరో తన కోసమే అమర్చిపెట్టినట్టు ఉండేవి.

"ఏం చెల్లె, చాయ్ పొంగుతుంటె నువ్వు గ్లాసుల దిక్కు చూస్తున్నవ్. అవేమన్న నీతోని ముచ్చట పెడుతున్నయా?" అంది తోడికోడలు సత్తమ్మ, పొయ్యిలో కట్టె వెనక్కి లాగుతూ.

"పెడుతున్నయక్కా. బావకు చాయ్ జల్ది ఇయ్యుమంటున్నయ్."

"మా ఆయినకు గాదు, మీ ఆయినకే ముందు పోస్తవ్ గని, నాకు ఎర్క లేదనుకోకు."

ఇద్దరూ నవ్వుకున్నారు. సిరిసిల్లలోని ఆ ఇంట్లో అప్పటికి ఉన్నది నలుగురే. సత్తమ్మ భర్త సిద్దిరాములు పెద్దవాడు. అనసూర్య భర్త రామచంద్రం ఆయన తమ్ముడు. తల్లీతండ్రీ పోయినప్పుడు రామచంద్రం నిక్కర్ల పిల్లవాడు. సిద్దిరాములుకు పిల్లలు కలగలేదు, కలగలేదని ఆయన ఎన్నడూ అనుకోనూ లేదు. గుంటమగ్గం మీద వంగి వంగి నేసి తమ్ముణ్ణి కరీంనగర్‌లో హైస్కూలు దాకా చదివించాడు. ఊళ్లోకి కరెంటు వచ్చి సాంచాలు పెట్టుకున్నాక కార్ఖానా తాళంచెవులు తీసి తమ్ముడి చేతిలో పెట్టాడు. "నాకు నేసుడు ఎర్క, నడుపుడు ఎర్కలే. నువ్వే చూసుకో తమ్మీ" అని, తాను మాత్రం పనివాళ్లందరిలాగే ఒక సాంచ ముందు నిలబడ్డాడు.

షెడ్డులోంచి వచ్చే చప్పుడులో ఒక్కసారిగా ఒక తాళం తప్పింది. ఒక సాంచ ఆగింది. కాసేపటికి మొదలైంది. మళ్లీ ఆగింది.

"మీ బావ సాంచనే. పొద్దటి సంది గిదే కథ" అంది సత్తమ్మ. "గంత మంచి చెయ్యి ఆయినది. ఏమైందో."

అనసూర్య తల ఎత్తకుండా చాయ్ వడకట్టింది. ఏమైందో ఆమెకు తెలుసు.

*

అమావాస్య నాడు నేతవాళ్లు మగ్గం ముట్టరు. పడుగు కూడా ముట్టరు. పనివాళ్లెవరూ రారు, పేటంతా చప్పుడు లేకుండా ఉంటుంది. మొన్నటి అమావాస్యకు సిద్దిరాములు, సత్తమ్మ కొండగట్టు అంజన్న దర్శనానికి పోయి మర్నాడు గానీ రాలేదు. ఇంట్లో కొత్త జంట ఒక్కటే మిగిలింది. ఆ రోజంతా ముసురు పట్టింది.

నెలవంక కనబడితే పీరీల పండుగ, అంటే మొహర్రం, మొదలు. మొక్కుకున్నవాళ్లు పీరుకు కట్టే పచ్చగుడ్డను దట్టీ అంటారు. ఆ దట్టీల బట్ట పండుగకు అందిస్తానని కరీంనగర్ వ్యాపారి నజీరుద్దీన్‌కు రామచంద్రం మాట ఇచ్చాడు. పచ్చరంగు వేసి గంజి పెట్టిన పడుగు, అంటే బట్టకు నిలువు దారాల వరస, చావడి పొడుగునా సాగదీసి ఉంది. ఎండ లేదు. అది ఆరడం లేదు. రామచంద్రం దాని చుట్టూ తిరిగి తిరిగి, చివరికి కుంపట్లలో బొగ్గులు రాజేసి పడుగు కింద వరసగా పెట్టాడు.

"దారం మాడది గద?" అంది అనసూర్య.

"మీదమీద సెగ చూపిస్తం, గంతే. నువ్వు జర ఇసురు."

గంజి పెట్టిన దారానికి నిప్పుసెగ తగిలితే పెళుసెక్కి పుటుక్కున తెగుతుందని నేతింట్లో పుట్టిన ఎవరికైనా తెలుసు. ఆయనకూ తెలుసు, ఆమెకూ తెలుసు. అయినా చేట పట్టుకుని విసిరింది. నిప్పుల వెలుగులో ఆ పచ్చదారాలు వానలో తడిసిన వరిమడిలా మెరుస్తుంటే ఆమెకు భలే సంతోషం వేసింది. ముక్కు మీద మసి అంటితే ఆయన తన తువ్వాలుతో తుడిచాడు. "అన్నకు చెప్పకు. అమావాస్య నాడు పడుగు ముట్టినమంటె ఊకోడు" అన్నాడు. అది వాళ్లిద్దరి మధ్య మొదటి రహస్యం. మెడలో వేసుకున్న కొత్త గొలుసులా దాన్ని ఆమె తడిమి తడిమి చూసుకుంది.

మర్నాడు కొండగట్టు నుంచి వచ్చిన సిద్దిరాములు పడుగు చూసి, "గీ ముసురుల ఎట్ల ఆరింది తమ్మీ?" అని అడిగాడు.

"గీడ పగటీలి ఎండ కొట్టిందన్నా. మంచిగ ఆరింది" అన్నాడు రామచంద్రం, ఆమె ఎదుటనే.

సిద్దిరాములు తలూపి పడుగును తన సాంచకు ఎక్కించుకున్నాడు. దట్టీల బట్ట మంచి చెయ్యి మీదే నేయాలని ఆయన కోరిక. తమ్ముడు చెప్పిన మాటను మళ్లీ తరచి చూసే అలవాటు ఆయనకు లేదు.

*

అనసూర్య చాయ్ తీసుకుని షెడ్డులోకి పోయేసరికి సాంచాలన్నీ ఆగి ఉన్నాయి. రామచంద్రం చేతిలో అప్పుడే కోసి తీసిన పచ్చబట్ట ఉంది. వెలుతురుకు పట్టి చూస్తున్నాడు. దారాలు తప్పిన చోటల్లా బట్ట జల్లెడలా ఉంది.

"గిదేందన్నా?"

"తెగుతున్నయ్ తమ్మీ. అతికిస్తనే ఉన్న. ఒకటి అతికేసరికి ఇంకోటి. నాకు కనవడకుంటనే తప్పిపోతున్నయ్."

"రహీమ్, నీ సాంచ మీద తెగుతున్నయా?"

పక్క సాంచ నడిపే రహీమ్, సిద్దిరాములు వైపు చూశాడు, నేల వైపు చూశాడు. "నాది పాత పడుగు సేటూ. దానికి దీనికి జోడు కలువది."

"అడిగినదానికి చెప్పు."

"తెగుతలేవు."

"మరి? గీ పడుగు నా కండ్ల ముంగటనే ఆరింది. పడుగుల ఏం లోపం లేదు."

కార్ఖానాలో రామచంద్రం పెట్టిన కట్టుబాటు ఒకటుంది. బట్ట చెడగొట్టినవాడు ఆ బట్ట భుజాన వేసుకుని మధ్యాహ్నం దాకా దర్వాజ దగ్గర నిలబడాలి. వచ్చేపోయేవాళ్లంతా చూస్తారు. అందరికీ భయముంటుందని, పని శుభ్రంగా సాగుతుందని ఆయన గర్వంగా చెప్పుకునేవాడు. ఇప్పుడు అందరి కళ్లూ ఆయన మీదే ఉన్నాయి. రాయమల్లు అనే ముసలి పనివాడు, "పెద్దాయినె గద సేటూ" అని గొణిగాడు.

"అన్న అని ఇడిచిపెడితె రేపు మీరు వింటరా?"

ఆ మాటకు సిద్దిరాములే ముందుకు వచ్చాడు. తమ్ముడి చేతిలోంచి బట్ట తీసుకుని, నలగకుండా మడిచి, భుజాన వేసుకున్నాడు. "రూలు అందరికీ ఒక్కటే ఉండాలె. తమ్ముడన్నది సరిగనే ఉంది" అని దర్వాజ దగ్గరకు పోయి నిలబడ్డాడు. రామచంద్రం ఆపలేదు. సాంచాలు మళ్లీ మొదలయ్యాయి. అనసూర్య చేతిలో చాయ్ చల్లారిపోయింది.

ఆ సాయంత్రం సిద్దిరాములు వాకిట్లో పీట వేసుకుని ఆమెను పిలిచాడు.

"బిడ్డా, నువ్వు చదువుకున్నదానివి. నా కండ్లల్ల పొరలేమన్న కనవడుతున్నయా, జర చూడు."

ఆమె వంగి చూసింది. తేనె రంగు కళ్లు. వాటిలో చిన్నగా ఆమె ముఖం, వెనక ఆకాశం.

"ఏం లేవు బావా. మంచిగున్నయ్."

"మంచిగుంటె దారం ఎట్ల తప్పుతది బిడ్డా? పడుగుల లోపం లేదాయె. చెయ్యి నాదే, సాంచ నాదే. ఇగ మిగిలింది కండ్లే." నవ్వాడు. "నా కండ్లు పోతె మీ అక్కకు సంబురమే. నేను కూర ఎంత తిన్ననో ఎర్కగాదు, ఇంత ఏసి అంతేసిన్నంటది."

సత్తమ్మ లోపలి నుంచి, "ఇప్పుడు మాత్రం నీకు ఎర్కైతుందా ఏంది" అంది. ఆ నవ్వులో అనసూర్య నోటి దాకా వచ్చిన మాట ఆగిపోయింది.

గదిలోకి వెళ్లగానే మొగుణ్ణి నిలదీసింది.

"బావ కండ్లు పోయినయని పరేషాన్ అవుతుండు. చెప్పెయ్యి."

"చెప్త. పండుగ పోనియ్యి."

"ఎందుకు ఆగాలె? తప్పు మనది."

"మెల్లగ మాట్లాడు. నేను అబద్ధమాడిన్నని ఎర్కైతె రాయమల్లు నా మాట వింటడా? రహీమ్ వింటడా? కార్ఖాన నడవాలంటె పైనున్నోడు తడవడొద్దు అనసూర్యా. నాలుగొద్దులు పోతె గా పడుగు అయిపోతది, కొత్తది ఎక్కుతది, అన్న నిమ్మలమైతడు. ఫికర్ చెయ్యకు."

జేబులోంచి కాగితం పొట్లం తీశాడు. ఆకుపచ్చ గాజులు. ఒక్కొక్కటే నొప్పి తగలకుండా ఆమె చేతికి ఎక్కించాడు. దీపం వెలుగులో అవి తళుక్కుమన్నాయి. చేయి అటూ ఇటూ తిప్పి చూసుకుంది. చూసుకుంటూ ఊరుకుంది.

*

ఏటా పీరీల పండుగకు ఆసిఫాబాద్ దిక్కు నుంచి ఒక పసరు వైద్యుడు వచ్చి పీరీలను నిలిపే కొట్టం పక్కన గుడారం వేసేవాడు. పంటినొప్పికీ, పక్షవాతానికీ, కంటిపొరకూ ఆయన దగ్గర ఆకుపసర్లు ఉండేవి. సిద్దిరాములు ఇంట్లో ఎవరికీ చెప్పకుండా పోయాడు. డప్పుల మోత, ఊదు పొగ మధ్య కూర్చుని రెండు కళ్లలోనూ పసరు పోయించుకున్నాడు. కళ్లకు గుడ్డ కట్టుకుని, రాయమల్లు చేయి పట్టుకుని ఇంటికి వచ్చాడు.

"గిదేం పని చేసినవయ్యా" అని సత్తమ్మ తల పట్టుకుంది.

"మంట అవుతుంది గని, మంచిదేనట. మంట ఉంటెనే పొర తెగుతదన్నడు. పండుగ ఎల్లేసరికి సూదిల దారం ఎక్కిస్త, చూడు."

మర్నాటికి రెప్పలు ఉబ్బిపోయాయి. ఆ మర్నాటికి జ్వరం వచ్చింది. గుడ్డ విప్పితే కళ్ల నిండా చీము. మనిషి గోడకు తల ఆనించి పళ్లు బిగబట్టి మూలుగుతున్నాడు.

రామచంద్రం బస్సు టైము కనుక్కుని వచ్చాడు. అన్నను కరీంనగర్ సర్కారు దవాఖానకు తీసుకుపోవాలి. వాకిట్లో అడుగు పెట్టగానే సత్తమ్మ ఎదురు వచ్చింది. ఆమె గొంతెత్తి మాట్లాడడం అనసూర్య అంతకుముందు వినలేదు.

"కార్ఖాన నీది. రూలు నీది. పేరు నీది. కండ్లు మాత్రం మా ఆయినయి పోయినయ్. కన్నకొడుకు లెక్క సాదిండు నిన్ను. గసువంటి మనిషిని దర్వాజ కాడ నిలవెడితివి. గా నాడు నిలవడ్డ సంది మనిషి మనిషి లెక్క లేడు. నేను గుడ్డోణ్ణి అయితున్న సత్తీ అని ఒక్కటే పాట."

"వదినె, నేనేమన్న పసరు పోయించుకోమన్ననా?" అన్నాడు రామచంద్రం.

ఆ మాటే అనసూర్యను నిలవనివ్వలేదు.

"అక్కా, బావ కండ్లకు ఏం కాలే. పడుగే చెడిపోయింది. అమావాస్య నాడు కుంపట్ల మీద ఆరబెట్టినం. చేటతోని ఇసిరింది నేనే."

రామచంద్రం తల దించుకున్నాడు. సత్తమ్మ ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. తిట్టలేదు, కొట్టలేదు.

"మరి ఇన్నొద్దులు నోట్లె ఏం పెట్టుకున్నవ్ చెల్లె?" అంది.

అనసూర్య గాజులున్న చేతులు వెనక్కి పెట్టుకుంది.

*

బస్సుకు ఇంకా సమయం ఉంది. రామచంద్రం నేరుగా షెడ్డులోకి పోయాడు. అనసూర్య వెనకే వెళ్లింది. అన్న సాంచ ముందు నిలబడి మీట లాగాడు. అడ్డదారం మోసే నాడె నాలుగుసార్లు అటూ ఇటూ పరుగెత్తిందో లేదో దారం తెగింది. అతికించాడు. మళ్లీ తెగింది. మీట ఆపేసి, అక్కడే నేల మీద చతికిలబడ్డాడు.

"నేను గా నాడు అన్నను అడగలే అనసూర్యా, రహీమ్‌ను అడిగిన. వాడేం చెప్తడో నాకు ముందే ఎర్క. నాకు పనికొచ్చే జవాబు ఎవని కాడ దొరుకుతదో చూసి వాణ్ణే అడిగిన." దారం కొస వేళ్ల మధ్య నలిపాడు. అది పొడి అయిపోయింది. "నా తప్పును నేను మరిచిపోలే. మరిచిపోయినట్టు నడుచుకున్న. నడుచుకోంగ నడుచుకోంగ అన్నదే తప్పని నాకే నమ్మకం కుదిరింది. తాళంచెవులు నా చేతికొచ్చిన సంది నన్ను కాదన్నోడు ఒక్కడు యాదికి వస్తలేడు. అందరు ఊకుంటున్నరంటె నేను మంచిగ నడుపుతున్న అనుకున్న."

లేచి, కరెంటు మీట తీసేశాడు. సాంచాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. పనివాళ్లు తలలు తిప్పారు. అందరి ముందూ నిలబడి అమావాస్య నాటి సంగతి మొదటి నుంచి చివరి దాకా చెప్పాడు. ఎండ కొట్టిందని అన్నతో అబద్ధమాడిన మాటా దాచలేదు. పచ్చబట్ట తీసి తన భుజాన వేసుకోబోయాడు.

"వద్దు సేటూ," అన్నాడు రాయమల్లు. "నువ్వు నిలవడితె గా కండ్లు వస్తయా?"

రహీమ్ చేతులు తుడుచుకుంటూ అన్నాడు. "పడుగు పెళుసెక్కిందని మాకు ఎర్కనే సేటూ. ముట్టి చూసినం."

"మరి చెప్పలే?"

"దర్వాజ కాడ నిలవడే ఓపిక లేక."

"అన్నకన్న చెప్పకపోతిరి?"

"చెప్పినం" అన్నాడు రాయమల్లు. "మా తమ్ముడు ఎండల ఆరిందన్నడు, ఆరే ఉంటది అన్నడు. నీ మాట మీద మా మాట ఇనలే."

రామచంద్రం చేతిలోని పచ్చబట్టను సాంచ మీద పెట్టేశాడు. పనివాళ్లు ఎవరి సాంచ దగ్గరికి వాళ్లు పోయారు. వాళ్ల ముఖాల్లో కోపం కూడా లేదు. ఉంటే బాగుండేదని అనసూర్యకు అనిపించింది.

*

కరీంనగర్ దవాఖానలో డాక్టరు కళ్లు కడిగి, దీపం పట్టి, రెప్పలు ఎత్తి చూశాడు. తర్వాత రామచంద్రాన్ని, అనసూర్యను వరండాలోకి పిలిచాడు.

"కుడికన్ను పూర్తిగా పోయింది. ఎడమదాంట్లో వెలుతురూ చీకటీ తెలిస్తే గొప్ప. పసరు పోయించక ముందు చూపు ఎలా ఉండేది?"

"మంచిగుండె సార్" అంది అనసూర్య.

"మరి ఎందుకు పోయించారు?"

అనసూర్య మొగుడి వైపు చూసింది. ఇంతలో డాక్టరును ఎవరో వేరే మంచం దగ్గరికి పిలిచారు. నజీరుద్దీన్‌కు ఇస్తామన్న బట్ట పండుగకు అందదు. ఆ బట్ట సంగతి ఇద్దరిలో ఎవరికీ గుర్తు రాలేదు.

సిద్దిరాములు ఇనుప మంచం మీద పడుకుని ఉన్నాడు. కళ్ల మీద తెల్లని కట్టు. సత్తమ్మ కాళ్ల దగ్గర కూర్చుని ఆయన పాదాలు ఒత్తుతోంది. మరిదిని చూసి ముఖం తిప్పుకుంది గానీ లేచి చోటిచ్చింది. ఆమె సిద్దిరాములుకు ఇంకా ఏమీ చెప్పలేదు. చెప్పవలసినవాడే చెప్పాలని ఆగింది.

"ఎవలు, తమ్ముడా? డాక్టరు ఏమన్నడు?"

రామచంద్రం మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"అన్నా, అమావాస్య నాడు ఎండ కొట్టలే. ముసురే ఉండె. పడుగు నేను బొగ్గుల మీద ఆరబెట్టిన. నువ్వడిగితె అబద్ధమాడిన. దారాలు గందుకే తెగినయ్. నీ కండ్ల తప్పు గాదు, నీ చేతి తప్పు గాదు. అందరి ముంగట నిన్ను నిలవెట్టిన నాడు గుడ నాకు ఎర్కనే అన్నా."

సిద్దిరాములు పెదవులు ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టు కదిలాయి. దారం తెగిన ప్రతి చోటూ, అతికించిన ప్రతి ముడీ ఆయన మనసులో మళ్లీ నడుస్తున్నాయని అనసూర్యకు తెలిసింది.

"అయితె నా కండ్లు మంచిగనే ఉండె అన్నట్టు" అన్నాడు చివరికి.

"మంచిగనే ఉండె అన్నా."

"సత్తీ, ఇన్నవా? నా కండ్లు మంచిగనే ఉండెనట."

ఆ మాటలో ఒక్క క్షణం సంతోషం లాంటిదే పలికింది. పనితనం పోలేదని తెలిసిన మనిషి సంతోషం. మరుక్షణం ఆయన చేయి కళ్ల మీది కట్టును తడిమింది. సత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అనసూర్య మంచం కోడు పట్టుకుని నిలబడింది. తాను ఆ సాయంత్రం వాకిట్లో వంగి చూసిన కళ్లు అవే. ఇక వాటిలో ఎవరి ముఖమూ కనిపించదు.

సిద్దిరాములు గాలిలో చేయి చాచి వెతికాడు. తమ్ముడి తల దొరికింది. జుట్టు మీదుగా, నుదుటి మీదుగా ఆ చేయి దిగి చెంప దగ్గర ఆగింది. కానీ జ్వరంతో కాలిపోతున్న ఆ వేళ్లకు చెంప మీది తడి చెమటో కన్నీళ్లో తెలియలేదు. చేయి వెనక్కి తీసుకున్నాడు.

"ఏడుస్తున్నవా తమ్మీ?"

రామచంద్రం అలవాటు కొద్దీ తల అడ్డంగా ఊపాడు.

"తల ఊపితె నాకు ఎర్కగాదు గద. చెప్పాలె. ఇగ నుంచి ఏదైనా నువ్వు నోటితోని చెప్తెనే నాకు ఎర్క."

"ఏడుస్తున్ననన్నా" అన్నాడు రామచంద్రం.